సన్యాసమ్మ పిన్ని చెయ్యి ఆగిన చోటు

మొన్న ఉదయం కంచరపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగోడకు ఒకతను పోస్టర్లు అంటిస్తున్నాడు. పక్కన ప్లాస్టిక్ బకెట్టు నిండా ఉడికించిన మైదా జిగురు. బ్రష్షు ముంచి గోడకు ఒక్క పూత పూశాడో లేదో గాలి నా వైపు తిరిగింది. పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అందుకే ఉడికిన పిండి వాసన అడుగున, రాగిచెంబు అంచు నాలుకకు తగిలినట్టు ఒక చేదు ఉంటుంది. ఆ వాసన తగలగానే నా బొటనవేలు దానంతటదే చూపుడువేలిని రాసుకోవడం మొదలుపెట్టింది. వేళ్ళ మీద ఎండిన జిగురును ఉండలు చేసి రాల్చేసే అలవాటు అది. నాది కాదు, సన్యాసమ్మ పిన్నిది. ఏళ్ళ తరబడి ఆవిడ పక్కన పనిచేసినందుకు నాకు అంటుకుంది. ఆ గోడను చూస్తూ నిలబడిపోయాను. నా బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

నా మొదటి నవల అచ్చయి రెండేళ్ళు దాటింది. చదివినవాళ్ళు కొందరు ‘రాయడం ఎక్కడ నేర్చుకున్నారు?’ అని అడుగుతుంటారు. నలుగురిలో నాకు నోరు పెగలదు. చదివిన పుస్తకాల పేర్లు రెండు చెప్పి తప్పుకుంటాను. వాళ్ళకు చెప్పని జవాబు ఇది: నాకు నేర్పినావిడకు చదవడం రాదు.

డిగ్రీ అయ్యాక డీటీపీ నేర్చుకుని, పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో చేరాను. ఒక పక్క ఉల్లిపాయల గోదాము, ఇంకో పక్క గొడుగులు బాగుచేసే కొట్టు. పెళ్ళికార్డులు, బిల్లుబుక్కులు, కాలనీ సంఘాల సావనీర్లు, రిటైరైన మేష్టార్ల పద్యాల పుస్తకాలు - ఇవీ మా పనులు. ముందుగదిలో ఓనరు మూర్తిగారు, ఆయన వెనక కంప్యూటరు దగ్గర నేను, లోపల మెషిన్ గది. నాకూ మెషిన్ గదికీ మధ్య సగం గోడ. ఆ గోడ అవతల నేల మీద గోనెపట్టా పరుచుకుని సన్యాసమ్మ పిన్ని కూర్చునేది. అచ్చయిన కాగితాలు మడిచి, కుట్టి, అట్టలంటించడం ఆవిడ పని. మెషిన్ నడిపే అన్నయ్య దగ్గర్నుంచి మూర్తిగారి దాకా అందరూ ఆవిడను పిన్నీ అనే పిలిచేవారు.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. మాది మల్కాపురం. నాన్న గోదావరి వైపు నుంచి వచ్చి పోర్టులో క్రేన్ ఆపరేటరుగా స్థిరపడ్డారు. ఎనిమిదో తరగతి నుంచీ డైరీ రాస్తున్నాను. చెప్పాల్సినవన్నీ అందులోకి పోవడం వల్లనో ఏమో, నోటి దాకా ఏదీ వచ్చేది కాదు. బస్సులో ‘ఆపండి’ అని గట్టిగా అనలేక, రెండు స్టాపులు దాటి ఎవరో దిగినప్పుడు దిగి వెనక్కి నడిచిన రోజులున్నాయి. ప్రెస్సులో చేరిన మొదటి వారం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. శనివారం నాడు సగం గోడ మీదుగా ఒక గొంతు వినిపించింది.

“ఓలమ్మా, ఈ పిల్లకి నోరు నేదేటి? మూర్తీ, మూగపిల్లని పెట్టీసినావేటి?”

“నోరుంది పిన్నీ. ఖర్చు పెట్టదంతే” అన్నారు మూర్తిగారు.

నవ్వాలో ఏడవాలో తెలియక మానిటరు వెనక తల దించుకున్నాను. గోడ మీద నుంచి ఒక చెయ్యి వచ్చింది. అరచేతిలో వేయించిన వేరుశెనగలు. “తిను. నోరు తినడానికయినా పనికొత్తాదో నేదో సూద్దాం” అంది. ఆ చేతిని మొదటిసారి దగ్గరగా చూశాను. వేళ్ళ చివర్లు అరిగి, గీతలు చెరిగిపోయి, గవ్వల్లా నున్నగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు కాగితం మడిచిన వేళ్ళు అవి.

పిన్నిది విజయనగరం వైపు పల్లె. పెళ్ళయిన కొత్తలో మొగుడు పోర్టు కూలికి వస్తే వెంట వచ్చింది. కొన్నాళ్ళు మల్కాపురంలోనే ఉన్నారట. తర్వాత కంచరపాలెం రైలుపట్టాల పక్కకు మారారు. ఆయన పోయినప్పటి నుంచీ ప్రెస్సే ఆవిడ లోకం. ఎడమచేత్తో కాగితం తిప్పి, కుడిచేతిలోని వెదురుబద్దతో మడత మీద ఒక్క లాగు లాగేది. సర్ర్ మని ఒక చప్పుడు. మళ్ళీ తిప్పు, మళ్ళీ సర్ర్. పొద్దస్తమానం ఆ చప్పుడు గోడ అవతల నుంచి వస్తూనే ఉండేది. నేను టైపు చేసే వేగం కూడా తెలియకుండానే దానికి కలిసిపోయేది.

పుస్తకం ఎలా తయారవుతుందో తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. పెద్ద కాగితానికి రెండువైపులా పేజీలు కలగాపులగంగా కనిపించేట్టు అచ్చు వేస్తాం. సరిగ్గా మడిస్తే అవే వరసలోకి వస్తాయి. అలా మడిచినదాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడితే పుస్తకం. వరస తప్పకుండా ఉండటానికి ప్రతి ఫారం వీపు మీద చిన్న నల్లగీత వేస్తాం. ఒక్కో ఫారానికి ఆ గీత కాస్త కిందకు జరుగుతుంది. అన్నీ సరిగ్గా పేరిస్తే వీపు మీద గీతలు మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తాయి. పిన్ని వాటిని మెట్లనే అనేది. చదువు రాకపోయినా ఆ మెట్లు చూసి పేర్చేది. అనుమానం వస్తే కింద పేజీ అంకె చూసుకునేది. బస్సు నంబర్ల పుణ్యమా అని అంకెలు ఆవిడకు బాగానే వచ్చు.

చేరిన రెండో ఏడు నేను ఒక నవల పూర్తిచేశాను. ఆ సంగతి డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. విజయవాడలో ఒక ప్రచురణ సంస్థ నవలల పోటీ పెట్టింది. రాతప్రతి పంపితే చాలన్నారు. నాకేమో అది పుస్తకంలా కనిపించాలని పట్టుదల. కాగితం నేనే కొనుక్కుని, మూర్తిగారు భోజనానికి ఇంటికి వెళ్ళే వేళల్లో, పెద్ద లేజర్ ప్రింటరు మీద ఎనిమిదేసి పేజీల ఫారాలుగా వేసుకున్నాను. పేజీ అంకెలు మామూలువి పెడితే సాదాగా ఉంటుందనిపించి తెలుగు అంకెలు పెట్టాను. తొందరలో, భయంలో, మెట్లు వెయ్యడం మరిచిపోయాను. రోజూ పరాయివాళ్ళ పుస్తకాలకు తప్పకుండా వేసే గీతలు, నా పుస్తకానికి వెయ్యలేదు.

ఫారాలు పిన్ని ముందు పెట్టి, “ఎవరో మేష్టారివి. రెండు కాపీలు. రేపటికి కావాలట” అని అబద్ధం చెప్పాను.

“ఏ మేష్టారు?”

“మీకు తెలీదు.”

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, బద్ద అందుకుంది. మర్నాడు పొద్దున్నే రెండు కాపీలూ అట్టలంటి సిద్ధంగా ఉన్నాయి. గడువుకు రెండే రోజులున్నాయి. తెరిచి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. నా అక్షరాలు పుస్తకంలా నా కళ్ళెదురుగా ఉండటం సిగ్గుగా, ఏదో చూడకూడనిది చూస్తున్నట్టుగా అనిపించింది. ఒకటి కవర్లో పెట్టి కొరియరుకు ఇచ్చేశాను. రెండోది ఇంట్లో బీరువాలో, చీరల కింద దాచాను.

నాలుగు నెలల తర్వాత ఆ కవరు ప్రెస్సు చిరునామాకు తిరిగి వచ్చింది. మూర్తిగారే అందుకున్నారు. “ఏటమ్మా శ్రావణీ, నీకు పార్సిలొచ్చింది” అంటూ అందరి ముందూ బల్ల మీద పెట్టారు. లోపల నా పుస్తకం. మొదటి పేజీకి గుచ్చిన చీటీ మీద రెండే వాక్యాలు: పుటలు తారుమారుగా ఉన్నందున పరిశీలించలేకపోయాం, పంపేముందు ఒకసారి చూసుకోవలసింది.

తెరిచాను. మూడో ఫారం మొదట ఉంది. తర్వాత ఒకటి, ఆ తర్వాత ఏడు. నా కథానాయిక పుట్టకముందే కాలేజీకి వెళుతోంది. అన్నేళ్ళు రాని నోరు ఆ రోజే వచ్చింది. సగం గోడ దగ్గరకు వెళ్ళి, “చదువు రాని చేతికి ఇవ్వడం నాది బుద్ధితక్కువ!” అన్నాను.

బద్ద చప్పుడు ఆగింది. మెషిన్ కూడా ఆగినట్టు గుర్తు. పిన్ని తలెత్తి నన్ను కాదు, నా చేతిలోని పుస్తకాన్ని చూసింది. “అది నీదా?” అని మాత్రం అడిగింది. నేను సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు డైరీలో ‘క్షమించండి’ అని పదకొండుసార్లు రాశాను. బీరువాలోని కాపీ తీసి, అట్ట ఊడదీసి వీపు చూశాక రాసిన మాట అది. వీపు తెల్లగా ఉంది. ఒక్క మెట్టు లేదు. కింద పేజీ అంకెలు ముత్యాల్లాంటి తెలుగు అంకెలు. ఈ కాలంలో వాటిని చదివేవాళ్ళు ఎందరున్నారు? ఆవిడకు దారి చూపే రెండు గుర్తులనూ నేనే తీసేసి, చీకట్లోకి తోసి, దారి తప్పావని తిట్టాను.

పదకొండుసార్లు రాసిన మాట మర్నాడు నోటితో ఒక్కసారి కూడా రాలేదు. తిరిగొచ్చిన పుస్తకం పట్టుకుని గోడ దగ్గర నిలబడి చీరకొంగు నలుపుతుంటే పిన్నే చెయ్యి చాపింది. “ఇలా తే” అంది. అట్ట ఊడలాగి, పుస్తకం తిప్పి వీపు నాకు చూపించింది.

“మెట్లేవీ?”

“వెయ్యలేదు.”

“ఈ కిందవేటి, నత్తలు పాకినట్టున్నాయి?”

“తెలుగు అంకెలు.”

“ఎవులికోసం పెట్టినావు?”

ఆవిడ దారం పుటుక్కున తెంపి కుట్టు విప్పడం మొదలుపెట్టింది. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. “నాకు సదువు రాదు, నిజమే. నీకొచ్చు కదా? పంపీముందు ఇప్పి సూసుకోనేదేటి? సిగ్గా?”

తల ఊపాను.

“నీ పుస్తకం మొకం నువ్వే సూడనేపోతే మరొకడెందుకు సూత్తాడే పిల్లా?” అంది. ఫారాలన్నీ విడదీసి గోనెపట్టా మీద పరిచింది. “ఇప్పుడు సదువు. ఏదెనక ఏదొత్తాదో కత బట్టి నానే పేరుత్తాను.”

“పైకా?”

“మరి నా సెవులు నీ కడుపులో ఉన్నాయేటి?”

అలా మొదలైంది. మధ్యాహ్నం మూర్తిగారు భోజనానికి వెళ్ళిన అరగంటలో ఆవిడ ఏవో బిల్లుబుక్కుల కాగితాలు మడుస్తూ ఉండేది, నేను గోడకు ఆనుకుని తలదించుకుని చదివేదాన్ని. మొదటిరోజు నా గొంతు నాకే వినిపించలేదు. “సీమలకి సెప్తన్నావేటి? గట్టిగా సదువు” అని కసిరింది. రెండో రోజు కాస్త నయం. మూడో రోజుకు నేనొక సంగతి గమనించాను. నేను ఏం చదివినా గోడ అవతల బద్ద ఒకే వేగంతో సాగిపోతోంది. కథానాయిక కొండల మీది ఊళ్ళో మంచులో నడుస్తోంది - సర్ర్. ఉత్తరం చదివి కన్నీరు పెట్టుకుంటోంది - సర్ర్. ప్రాణం పెట్టి రాసుకున్న వాక్యాలు ఆ చప్పుడు కింద కాగితాల్లా మడతపడి పక్కకు పోతున్నాయి.

“బాగాలేదా పిన్నీ?” అని అడిగాను చివరికి.

“ఆ మంచుపడే ఊరు ఎక్కడ?”

“ఉత్తరాదిన ఎక్కడో.”

“నువ్వెల్లినావా?”

“లేదు.”

“నానూ ఎల్లనేదు. మరిద్దరం అక్కడేటి సేత్తన్నాం?” అంది. మెషిన్ నడిపే అన్నయ్య కిసుక్కున నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా మర్నాడు మళ్ళీ చదివాను. ఎందుకు మానలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా, ఆ చప్పుడును ఒక్కసారైనా ఆపాలని మంకుపట్టు పట్టి ఉంటాను.

ఆగింది. అరవై ఎన్నో పేజీలో. కథానాయికకు చిన్ననాటి సంగతి గుర్తొచ్చే చోట, ఎందుకో నేను మా ఇంటి డాబాను రాశాను. మల్కాపురంలో తీగ మీద ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి పోర్టు వైపు నుంచి కొట్టుకొచ్చే సన్నటి నల్లదుమ్ము పేరుకుంటుంది. అమ్మ ఒక్కో బట్టనూ తీసి మూడుసార్లు దులిపి, మడిచి, భుజాన వేసుకుంటుంది. ఎనిమిది వాక్యాలుంటాయేమో. చదువుతుంటే గది ఉన్నట్టుండి నిశ్శబ్దంగా అనిపించింది. తలెత్తాను. బద్ద కాగితం మీదే ఉంది. చెయ్యి కదలడం లేదు.

“మూడుసార్లు కాదు” అంది పిన్ని, గోడ వైపు చూస్తూ. “ఐదుసార్లు దులపాల. మూడుసార్లయితే కాలరు కాడ ఉండిపోద్ది. మా ఆయన మెడంతా దద్దులెక్కిపోయీది.” తర్వాత తేరుకుని, “మరి తరవాతేటయ్యింది? సదువు” అంది. తర్వాతి పేజీలో మళ్ళీ మంచు. మళ్ళీ సర్ర్.

ఆ ఎనిమిది వాక్యాల పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను. నవల మొత్తం చదివేసరికి నూట అరవై పేజీల్లో నాలుగు చుక్కలు తేలాయి. నాలుగూ మల్కాపురానివే. ఆదివారం నాడు డాబా మీద కూర్చుని మిగతా నవలంతా పక్కన పెట్టి, ఆ నాలుగు చోట్లను మాత్రం కొత్త నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. అమ్మ వచ్చి “ఏం రాస్తున్నావే?” అంటే, మొదటిసారి దాచకుండా, “నవల” అన్నాను. “ఎవరి గురించి?” అంది. “బట్టలు దులిపే ఆవిడ గురించి” అన్నాను. అమ్మ నన్ను వింతగా చూసి, తీగ మీది దుప్పటి తీసి దులిపింది. లెక్కపెట్టాను. ఐదుసార్లు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని కూడా నేను సరిగ్గా చూడలేదన్నమాట.

తిరగరాయడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక తల్లి, ఇద్దరు కూతుళ్ళు, ఒక డాబా, ఆ దుమ్ము - అంతే కథ. వారానికి ఒక అధ్యాయం. సోమవారం మధ్యాహ్నం పిన్ని అన్నం గిన్నె కడుక్కుని వచ్చి, “తెచ్చినావేటి?” అనేది. తేకపోతే ఆ పూట నాతో మాట్లాడేది కాదు. ఓదార్చడం, మెచ్చుకోవడం ఆవిడకు తెలియవు. ఒకసారి నాకు వారం రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక వెళితే, “బక్కసిక్కిపోనావు” అని, అదే ఊపిరిలో “ఆ సిన్నకూతురు ఇంటికొచ్చిందా నేదా మరి?” అంది. వారమంతా ఆ పిల్ల గుమ్మం అవతలే ఉండిపోయిందని ఆవిడ బెంగ. నాకు జ్వరమున్నా నా మనుషులు మరొకరి మనసులో తిరుగుతున్నారని ఆ రోజు తెలిసింది. ఇంటికి వెళ్ళగానే కూర్చుని రాశాను.

పూర్తయ్యాక ఒక సంస్థకు పంపితే ఆరు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేసి అడిగే ధైర్యం నాకు లేదు. పిన్నికి చెబితే, “మరో ఊరు నేదేటి?” అంది. విజయవాడలోనే ఇంకో చిన్న ప్రచురణకర్తకు పంపాను. ఈసారి వీపు మీద నల్లటి మెట్లు, కింద మామూలు అంకెలు. పంపేముందు ప్రతి పేజీ తెరిచి, పిన్ని ఎదురుగానే కూర్చుని చూసుకున్నాను.

రెండు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అది పొద్దుటి నుంచి మూడోసారి. తెలియని నంబర్లు ఎత్తడం నాకు అలవాటు లేదు. బల్ల మీద ఫోన్ కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. గోడ మీద నుంచి జిగురు అంటిన చెయ్యి వచ్చి దాన్ని లాక్కుంది. స్పీకరు కూడా తనే నొక్కింది.

“అల్లో... ఎవులూ?”

అవతల ఒక పెద్దాయన గొంతు. సంస్థ పేరు చెప్పి, నవల పంపిన అమ్మాయి ఉందా అని అడిగారు.

“ఉందండి. ఇక్కడే కూకుని సెమటలు కక్కుతంది. ఏటి సంగతి?”

“నవల చదివాం. మాకు నచ్చింది. వేద్దామనే ఉద్దేశం. కానీ చివరి అధ్యాయం...”

“బాగోనేదు కదా?” అంది పిన్ని. “నానూ అదే సెప్పినాను బాబూ. ఇనదు.”

అది నిజం. చివర్లో పెద్దకూతురు ఉద్యోగం వచ్చి రైలెక్కి, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ ఊరు వదిలి వెళ్ళిపోతుంది. ఆ అధ్యాయం చదివినప్పుడు బద్ద ఒక్కసారి కూడా ఆగలేదు. నాకు మాత్రం ఆ రైలంటే ఇష్టం. పుస్తకాలన్నీ అలాగే ముగుస్తాయి అనుకునేదాన్ని.

పెద్దాయన నవ్వుతున్నారు. “మరి ఆవిడ మళ్ళీ రాస్తారా అమ్మా?”

పిన్ని నా వైపు చూసింది. నేను అడ్డంగా తలాడించానో నిలువుగా తలాడించానో నాకే తెలియదు. ఆవిడ మాత్రం ఫోనులో, “రాత్తాదండి. ఎన్నిసార్లయినా రాత్తాది” అని ఖచ్చితంగా చెప్పి, ఫోన్ నా చేతికిచ్చింది. “ఇంద. ఇప్పుడైనా నోరు ఖర్చుపెట్టు.” నేను మాట్లాడాను. “రెండు నెలల్లో పంపుతానండీ” అన్నాను. నా జీవితంలో ఒక కొత్త మనిషికి నేనిచ్చిన మొదటి మాట అది.

ఆ చివరి అధ్యాయం నాలుగుసార్లు రాశాను. మొదటిసారి రైలు తీసేసి బస్సు పెట్టాను. “బండి మారింది, మడిసి మారనేదు” అంది పిన్ని. రెండోసారి తల్లి జబ్బుపడుతుంది. బద్ద ఆగలేదు సరికదా, జోరు పెంచింది. మూడోసారి చదివిన రోజు నేను విసిగిపోయి, “మీకు ఏం కావాలి పిన్నీ? మీరే చెప్పండి” అన్నాను. “నాకేటి తెల్సు? ఆ తల్లిని అడుగు” అంది. ఇంటికి వచ్చాక చాలాసేపు డాబా మీద కూర్చున్నాను. మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ ముదురురంగు దుప్పట్లే కొనేది. తెల్లవి వద్దు, సాయంత్రానికి నల్లబడతాయి అనేది. నాలుగోసారి రాసినప్పుడు తల్లి బజారుకు వెళ్ళి ఒక తెల్లదుప్పటి కొంటుంది. నల్లబడుతుందని తెలుసు. తెలిసే ఉతికి, తీగ మీద ఆరేసి, నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, దాని ముందు నిలబడుతుంది. అక్కడితో నవల అయిపోతుంది.

చదవడం ముగించి తలెత్తాను. బద్ద ఎప్పుడో నేల మీద ఉంది. పిన్ని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “ఎట్టుకో” అంది. ఇదే ఉంచుకో అని అర్థం. చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక ఆ అధ్యాయం మొత్తానికి పక్కన ఒక గీత గీశాను.

పుస్తకం వచ్చేనాటికి పిన్ని పని మానేసింది. కళ్ళలో పొర, వేళ్ళ కణుపుల్లో వాపు. కంచరపాలెంలో కూతురి దగ్గర ఉంటోంది. నాకు వచ్చిన పది కాపీల్లో మొదటిది తీసుకుని వెళ్ళాను. ఆవిడ అట్ట మీది బొమ్మ చూడలేదు. నా పేరు ఎక్కడుందో అడగలేదు. వాసన చూసింది. వీపు నిమిరింది. మధ్యకు తెరిచి రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కింది.

“కుట్టు నేదు. వట్టి జిగురు” అంది. “రెండు వానాకాలాలకి ఆకులూడిపోతాయి. పాపా, దబ్బనం తే.”

“కొత్త పుస్తకమే అమ్మా అది!” అంటూనే కూతురు తెచ్చి ఇచ్చింది. పిన్ని పుస్తకాన్ని మోకాలికి ఆనించి, అంచు పక్కగా మూడు బెజ్జాలు పొడిచింది. సూదిలోకి దారం నేనే ఎక్కించాల్సి వచ్చింది. దారం లాగి ముడి మాత్రం ఆవిడే బిగించింది. కొస తెంపి పుస్తకం నా చేతికిచ్చి, “ఇప్పుడు పుస్తకమయ్యింది. సదువు” అంది.

ఇంట్లో కూతురు, మనవరాలు, నీళ్ళ కోసం వచ్చిన పక్కింటి ఇద్దరాడవాళ్ళు. అయిదేళ్ళ కిందట అయితే అక్కడి నుంచి పారిపోయేదాన్ని. గుమ్మంలో కూర్చుని మొదటి పేజీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పిన్ని చేతిలో ఏ పనీ లేదు. అయినా కుడిచెయ్యి చీరకుచ్చిళ్ళ మీద మడత లాగుతున్నట్టు కదులుతూనే ఉంది. పేజీ తిప్పే లోపు ఆ చెయ్యి ఆగింది. నీళ్ళ బిందెలు నిండి పొర్లుతున్నాయని ఎవరో అరిచారు. గుమ్మంలోంచి ఎవరూ లేవలేదు.

నిరుడు వానల్లో పిన్ని పోయింది. ఆవిడ వెదురుబద్దను కూతురు నాకిచ్చింది. ఆవిడ కుట్టిన కాపీ నా దగ్గరే ఉంది. మిగతావాటిలో ఒకదానికి అప్పుడే ఆకులు వదులయ్యాయి. ఆవిడ కుట్టినదాని బిగువు మాత్రం సడలలేదు.

ఇప్పుడు రెండో నవల రాస్తున్నాను. ప్రెస్సులో పని అలాగే ఉంది. సగం గోడ అవతల మడిచే మెషిన్ వచ్చింది. అది దేనికీ ఆగదు. అందుకని ఆదివారాలు ఇంట్లోనే, డాబా తలుపు తీసుకుని, ఎడమచేత్తో రాతప్రతి పట్టుకుని పైకి చదువుతూ, కుడిచేత్తో ఒక తెల్లకాగితం మడత మీద బద్ద లాగుతుంటాను. మొదట్లో అమ్మ నవ్వేది. ఇప్పుడు పక్కన కూర్చుని చిక్కుళ్ళు తుంచుకుంటూ వింటుంది. పది పేజీలు చదివినా చెయ్యి దాని దారిన అది పోతూనే ఉంటే, ఆ పదీ చింపేస్తాను. ముందులా ఏడుపు రావడం లేదు. మళ్ళీ రాస్తాను. నా తరఫున ఒకావిడ ఫోనులో మాటిచ్చింది కదా.

మొన్న ఆ పోస్టరు గోడ దగ్గర బస్సు తప్పిపోయాక, తర్వాతి బస్సు ఎక్కాను. దిగాల్సిన చోట “ఆపండి” అని గట్టిగానే అన్నాను. నిన్న ఆదివారం. పదిహేడో పేజీ మధ్యలో ఉండగా చప్పుడు ఆగింది. నా చెయ్యో, చిక్కుళ్ళు తుంచే అమ్మ చెయ్యో, రెండూనో. తలెత్తలేదు. చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి, ఆ వాక్యం పక్కన ఒక చుక్క పెట్టి, తర్వాతేమైందో చదవసాగాను.